ఆసుపత్రి రిజిస్టరు చెప్పు సాక్ష్యము

(శతవార్షికోత్సవ ఆరోగ్య కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఆసుపత్రిలో ఒక రోగినుండి మరియొక రోగికి వ్యాధి ఎట్లు ప్రాకుచున్నదో ఆసుపత్రి లెక్కలద్వారా కనుగొనుటను గూర్చి మాటలాడుమని కూటపు పెద్దలు మమ్మును కోరిరి. ఇది డాక్టర్లు చెప్పవలసినదే గాని పాస్టర్లు చెప్పవలసినది కాదు గదా అని కొందరు అనుకొనవచ్చును. మేము వైద్యము చదివినవారము కాము. అయినను డాక్టర్ల తరువాత, నర్సుల తరువాత మంచము మంచమునకు తిరుగువారము మేమే. ఒక రోగి తలపై చేయి ఉంచి ప్రార్థించి, అదే చేతితో ప్రక్క మంచముమీది రోగి చేయి పట్టుకొనువారము మేమే. గనుక ఈ అంశము మాకును చెందినదే.

కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన మనుష్యుడు, కాలు అతుకుచుండగానే వేరొక జ్వరము తగిలి చనిపోవును. సుఖముగా కాన్పు జరిగిన తల్లి మూడవ దినమున జ్వరముపడి లేవకుండ పోవును. ఇంటివారు "ఆయుస్సు తీరినది" అందురు. "ఆ ఊరి నీళ్ళు పడలేదు" అందురు. వారిని తప్పుపట్టలేము. ఒక్క మంచము ప్రక్కన కూర్చున్నవారికి అంతకంటె ఎక్కువ కనబడదు. వార్డులోని మంచములన్నిటిని, సంవత్సరములోని నెలలన్నిటిని ఒక్క కాగితముమీద వరుసగా వ్రాసి చూచినప్పుడే దాగియున్న సంగతి బయటపడును. ఇది మొదట ఎట్లు బయటపడెనో చెప్పుటకు ఆస్ట్రియా దేశపు రాజధానియైన వియన్నా నగరమునకు మిమ్మును తీసికొనిపోవుదుము.

ఆ నగరపు పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులుండెను. 1840 చివరనుండి మొదటి వార్డులో వైద్య విద్యార్థులును, రెండవ వార్డులో మంత్రసాని పని నేర్చుకొను స్త్రీలును శిక్షణ పొందుచుండిరి. ఏ దినమున వచ్చిన గర్భిణి ఏ వార్డులో చేరవలెనో వంతుల ప్రకారము నిర్ణయమై యుండెను. 1841 నుండి 1846 వరకు మొదటి వార్డులో 20,042 కాన్పులు జరుగగా 1,989 మంది తల్లులు చనిపోయిరి. అదే ఆరు సంవత్సరములలో రెండవ వార్డులో 17,791 కాన్పులు జరుగగా చనిపోయినవారు 691 మంది. అనగా ఒకచోట నూటికి దాదాపు పదిమంది, మరియొకచోట నూటికి నలుగురు. ఊరి స్త్రీలకు ఈ సంగతి తెలియును. మొదటి వార్డు వంతు దినమున వచ్చినవారు తమ్మును రెండవ వార్డుకు పంపుమని మోకాళ్ళూని బతిమాలుకొనెడివారు. దారిలోనే ప్రసవించి బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లులకు సహితము ఈ జ్వరము అంతగా తగులలేదు.

1846లో ఆ వార్డుకు సహాయ వైద్యుడుగా వచ్చిన హంగేరీ దేశస్థుడు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్. అప్పటి పెద్దలు చెప్పిన కారణములను ఆయన ఒక్కొక్కటిగా లెక్కలకు ఎదురుగా నిలువబెట్టెను. గాలి చెడినదందురా? రెండు వార్డులకును గాలి ఒక్కటే. జనము క్రిక్కిరిసినదందురా? రెండవ వార్డే ఎక్కువ క్రిక్కిరిసి యుండెను. భోజనము, వైద్యము రెండుచోట్ల ఒకే విధముగా నుండెను.

ఇచ్చట గురువులమైన మాకు సంబంధించిన సంగతి ఒకటి కలదు. చావుబ్రతుకులలో నున్న స్త్రీకి కడవరి సంస్కారములు ఇచ్చుటకు వచ్చు గురువు మొదటి వార్డులోని గదులన్నిటిని దాటిపోవలసి యుండెను. ఆయన ముందు ఒకడు గంట వాయించుచు నడుచును. ఆ గంట చప్పుడు విని భయపడుటచేతనే తల్లులకు జ్వరము వచ్చుచున్నదేమోయని సెమ్మెల్వైస్ అనుమానపడి, చుట్టు త్రోవను గంట లేకుండ రమ్మని గురువును వేడుకొనెను. ఆ గురువు ఒప్పుకొనెను. చావులు తగ్గలేదు. గంట నిర్దోషియని తేలినది. అయితే ఆ గురువు "మా ఆచారమునే శంకింతురా?" అని కోపపడక దారి మార్చుకొనెను గనుకనే ఆ అనుమానము తీరిపోయి, వెదకువాని చూపు వేరొక వైపు తిరిగినది.

1847 మార్చిలో సెమ్మెల్వైస్ స్నేహితుడైన కొల్లెట్ష్కా అను ఆచార్యుడు శవపరీక్ష చేయించుచుండగా విద్యార్థి చేతి కత్తి వ్రేలికి గ్రుచ్చుకొని చనిపోయెను. ఆయన శరీరములో కనబడిన గుర్తులును బాలింత జ్వరముతో చనిపోయిన స్త్రీల శరీరములలోని గుర్తులును ఒక్కటే. అప్పుడు లెక్కల అర్థము విడిపోయినది. మొదటి వార్డు వైద్యులు, విద్యార్థులు ఉదయము శవములను కోసి, తరువాత వచ్చి గర్భిణులను పరీక్షించెడివారు. మంత్రసానులకు శవపరీక్షల పని లేదు. మరణమును మోసికొని వచ్చినవి ఆదుకొన వచ్చిన చేతులే.

1847 మే మధ్యనుండి క్లోరిన్ నీళ్ళతోను, తరువాత చవకగా దొరకు బ్లీచింగు పౌడరు నీళ్ళతోను చేతులు కడుగుకొనిన గాని ఎవరును గర్భిణిని ముట్టరాదని ఆయన నియమము పెట్టెను. ఆ ఏప్రిల్‌లో 312 కాన్పులకు 57 మంది చనిపోయియుండగా, జూన్‌లో 268 కాన్పులకు చనిపోయినవారు ఆరుగురే. 1848 సంవత్సరమంతటిలో 3,556 కాన్పులకు 45 మంది. ఇవి వట్టి అంకెలు కావు. ఇండ్లకు తిరిగి వెళ్ళిన తల్లులు.

అయితే మధ్యలో ఒక దెబ్బ తగిలినది. 1847 అక్టోబరులో గర్భాశయపు పుండు కారుచున్న ఒక రోగిని వరుసలో మొదటి మంచముమీద ఉంచిరి. వైద్యులు వార్డులోనికి వచ్చునప్పుడు మందునీళ్ళతో చేతులు కడుగుకొనిరి గాని మంచమునకు మంచమునకు మధ్య సబ్బుతో మాత్రమే కడుగుకొనిరి. అప్పుడు కాన్పయిన 12 మంది స్త్రీలలో 11 మంది చనిపోయిరి. ఆ తరువాత ప్రతి మంచమునొద్దను మందునీళ్ళతో చేతులు కడుగుకొనవలెనని నియమము మారినది.

ఒక్క సంగతి గమనించుడి. ఆ లెక్కలు సెమ్మెల్వైస్ క్రొత్తగా తెచ్చినవి కావు. రిజిస్టరులో అవి ఏండ్ల తరబడి ఉన్నవే. లేనిది లెక్క కాదు, దానిని ప్రశ్నించువాడు. అయినను జవాబు వైద్యుల చేతులనే చూపెను గనుక పలువురు పెద్దలు దానిని అంగీకరింపలేదు. ఆయన 1861లో గ్రంథము వ్రాసెను, 1865లో చనిపోయెను.

ఇది పాతకాలపు కథ, ఇప్పుడు మందులున్నవి గదా అందురేమో. 2011లో అమెరికాలోని బెతెస్డాలో, ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధనాసుపత్రిలో జరిగినది వినుడి. జూన్‌లో న్యూయార్కునుండి ఒక రోగిని అచ్చటికి తెచ్చిరి. ఆ రోగిలో దాదాపు ఏ మందుకును లొంగని క్లెబ్సియెల్లా అను సూక్ష్మజీవి యుండెను. అది ముందే తెలియును గనుక ప్రత్యేకముగా ఉంచిరి. జూలై మధ్యలో ఆ రోగి బాగుపడి ఇంటికి పోయెను. మూడు వారములకు, ఆగస్టులో, అదే జాతి సూక్ష్మజీవి మరియొక రోగిలో కనబడెను. తరువాత ఇంకొకరు, ఇంకొకరు. మొత్తము 18 మందికి సోకినది. వారిలో 11 మంది చనిపోయిరి. ఆరుగురి మరణమునకు ఆ సూక్ష్మజీవియే కారణమని తేల్చిరి.

మొదటి రోగి వెళ్ళిపోయిన మూడు వారములకు అది ఎక్కడనుండి వచ్చెను? పరిశోధకులు సూక్ష్మజీవుల జన్యుక్రమమును అక్షరము అక్షరముగా చదివిరి. ఇది వేదాంత కళాశాలలో గ్రీకు వ్రాతప్రతులను పోల్చుట నేర్చుకొనినవారికి సులభముగా బోధపడును. మన గ్రామములలో పాటల నోటుపుస్తకములు ఉండెడివి గదా! ఒకడు నకలు వ్రాయుచు ఒక అక్షరము తప్పు వ్రాసిన, ఆ పుస్తకము చూచి వ్రాసికొనిన వారందరి పుస్తకములలోను అదే తప్పు కనబడును. తప్పునుబట్టి ఎవరు ఎవరి పుస్తకము చూచి వ్రాసిరో చెప్పవచ్చును. ఆ సూక్ష్మజీవియొక్క దాదాపు 60 లక్షల అక్షరములలో 41 చోట్ల మాత్రమే భేదములు కనబడెను. వాటినిబట్టి వంశవృక్షము గీసిరి.

అయితే అది ఒక్కటే చాలదు. ఇద్దరి పుస్తకములలో ఒకే తప్పున్నను, వారిద్దరు ఎక్కడ కలిసికొనిరో పుస్తకము చెప్పదు. దానిని ఆసుపత్రి రిజిస్టరు చెప్పవలెను. ఏ రోగి ఏ తేదీనుండి ఏ తేదీవరకు ఏ వార్డులో నుండెను? ఎవరెవరు ఒకే కాలమున ఒకేచోట నుండిరి? ఈ రెంటిని కలిపి చూడగా, మొదటి రోగినుండియే అది కనీసము మూడుసార్లు వేరువేరుగా ఇతరులకు ప్రాకినదనియు, జ్వరము ఏమియు లేనివారు కొందరు తెలియకుండ దానిని మోసిరనియు బోధపడినది. చేతులు కడుగు తొట్ల కాలువలలోను, శుభ్రము చేసి పెట్టిన ఒక శ్వాసయంత్రముమీదను అది దొరికినది. రోగులందరిని పరీక్షించి, సోకినవారిని వేరుచేసి, చేతులు కడుగుకొనుటను కనిపెట్టి చూచుటకు మనుష్యులను నిలిపి, చివరకు దానిని ఆపగలిగిరి.

ఇప్పుడు మన సంగతి. మన దేశములో ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యమున పలు ఆసుపత్రులు, లోపలికి వచ్చిన తరువాత సోకిన వ్యాధులను ఒకే పద్ధతిని లెక్కవ్రాయుచున్నవి. ఈ లెక్క నిలుచుటకు సంఘముగా మనము చేయగలిగినవి కొన్ని కలవు.

మొదటిది, నిజము చెప్పుట. మన రోగులు ఊరి నర్సింగుహోమునుండి జిల్లా ఆసుపత్రికి, అచ్చటినుండి హైదరాబాదుకో వేలూరుకో పోవుచుందురు. "ఇంతకుముందు ఎక్కడ చూపించితిరి?" అని అడిగినప్పుడు, డాక్టరుగారు కోపపడుదురేమోయని దాచువారున్నారు. పాత చీటీలు, డిశ్చార్జి కాగితములు అన్నియు చూపుడి. ఆ ఒక్క మాట దాచుటవలన ప్రక్క మంచముమీది బిడ్డకు ఆపద రావచ్చును.

రెండవది, నింద వేయకుండుట. బెతెస్డాలోని మొదటి రోగి దోషి కాదు. బ్రతుకుటకు వచ్చిన మనుష్యుడు. "ఫలానావారు తెచ్చిరి" అని మన కూటములలో పేర్లు పలుకుట మొదలైన దినమున రోగులు దాచుట మొదలుపెట్టుదురు. అట్లే ఒక ఆసుపత్రి తన లెక్కలో ఎక్కువ సంఖ్య చూపినంత మాత్రమున అది చెడ్డదని తీర్పు తీర్చకుడి. వ్రాయనివారి లెక్క ఎప్పుడును సున్నయే. నిజముగా వ్రాసినవారి లెక్కయే పెద్దదిగా కనబడును.

మూడవది, పరామర్శకు పోవువారి చేతులు. గురువులమైన మేము, సంఘపెద్దలు, స్త్రీల సమాజమువారు వార్డులోనికి పోవునప్పుడు ఒక్కసారి కడుగుకొనిన చాలదు. ప్రతి మంచమునకు ముందును తరువాతను కడుగుకొనవలెను. రోగి మంచముమీద కూర్చుండవద్దు. నర్సమ్మ అడ్డగించినయెడల "మేము ప్రార్థనకు వచ్చితిమి" అని వాదింపక, వియన్నా గురువువలె దారి మార్చుకొనుడి. దూరమునుండి చేసిన ప్రార్థనయు ప్రార్థనయే.

కడపటిగా, ఈ శతవార్షికోత్సవమున కట్టిన మందిరములెన్ని, బడులెన్ని, ఆసుపత్రులలో చికిత్స పొందినవారెందరు అని లెక్కలు చదువుకొనుచున్నాము. అది మంచిదే. అయితే ఒక రోగముతో వచ్చి మన కప్పు క్రింద మరియొక రోగము తగిలించుకొనినవారెందరో ఆ లెక్కయు ప్రతి సంవత్సరము ఆసుపత్రి కమిటీ ముందుకు రావలెనని మేము కోరుచున్నాము. అది మనకు ఘనత తెచ్చు లెక్క కాదు. కాని ఆ పేజీని ప్రతి యేట ధైర్యముగా తెరచి చూచు ఆసుపత్రికి మన తల్లులను, బిడ్డలను నమ్మి పంపవచ్చును.