చూపు ఖరీదును ఎవరి కూలితో కొలుస్తున్నాం?



షుగర్ జబ్బు గురించి మాట్లాడమంటే డాక్టర్లు తిండి గురించి, నడక గురించి చెబుతారు. నేను చదువుకున్నది ఆర్థికశాస్త్రం. అందుకని లెక్కల గురించి, ఆ లెక్కల్లో కులం ఎక్కడ దాక్కుంటుందో దాని గురించి చెబుతాను.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. 40 ఏళ్లు దాటిన మధుమేహుల్లో నూటికి 12 మందికి పైగా రెటీనా దెబ్బతిందని, నలుగురికి చూపు పోయే ముప్పు ఉందని 2022లో స్మార్ట్ ఇండియా అధ్యయనం తేల్చింది. ఈ జబ్బుకు మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. మసక తెలిసేసరికి తక్కువ ఖర్చుతో ఆపగలిగే దశ దాటిపోతుంది.

ఆ తర్వాత కంట్లో ఇంజెక్షన్లు. రెటీనా మధ్యభాగం వాచినవారిపై అమెరికాలో మూడు మందులను పోల్చి చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి. చూపు కొద్దిగా తగ్గినవారిలో మూడూ ఒకేలా పనిచేశాయి. చూపు బాగా తగ్గినవారిలో మాత్రం మొదటి ఏడాది అఫ్లిబెర్సెప్ట్‌ది పైచేయి. అప్పట్లో అక్కడ దాని డోసు ధర దాదాపు 1,950 డాలర్లు. క్యాన్సర్ కోసం తయారైన బెవాసిజుమాబ్ డోసు 60, 70 డాలర్లు. మన చర్చలన్నీ ఈ తేడా దగ్గరే ఆగిపోతుంటాయి. ధరలు తగ్గాలి, కాదనను.

కానీ మందు పూర్తిగా ఉచితమే అనుకోండి. ఆ అధ్యయనంలో మొదటి ఏడాది పట్టినవి తొమ్మిది, పది ఇంజెక్షన్లు. కంట్లో చుక్కలు వేస్తే గంటల తరబడి మసక; ఒంటరిగా బస్సెక్కలేరు. తోడు మనిషి కావాలి. 2025-26లో తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. తొమ్మిది సార్లు, ఇద్దరి కూలి: 5,526 రూపాయలు. అంటే 18 పనిదినాలు. చార్జీలు, తిండి ఇందులో కలపలేదు. చికిత్స మధ్యలో మానేసినవారిని మన రిపోర్టులు "అవగాహన లేనివారు" అంటాయి. నాకైతే వాళ్లకు లెక్క బాగానే తెలుసనిపిస్తుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. జబ్బు వల్ల దేశానికి ఎంత నష్టమో కట్టేటప్పుడు, పోయిన సంపాదనను నష్టంగా లెక్కిస్తాం. దీన్ని మానవ పెట్టుబడి పద్ధతి అంటారు. ఈ పద్ధతిలో మేనేజర్ కన్ను పోతే పెద్ద నష్టం, పాకీ పని చేసే మనిషి కన్ను పోతే చిన్న నష్టం. జీతం లేకుండా ఇంటిపని చేసే ఆడమనిషి కన్ను పోతే దాదాపు సున్నా! తరతరాలుగా కులం తొక్కిపెట్టిన కూలినే తీసుకుని, మనిషి చూపు విలువగా రాసేస్తున్నాం. మనిషికి ఒక ఓటు, ఓటుకు ఒక విలువ వచ్చినా ఆర్థిక జీవితంలో ఆ విలువ రాలేదని 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో బాబాసాహెబ్ హెచ్చరించింది సరిగ్గా దీని గురించే అనుకుంటాను. ఆయన కూడా మధుమేహంతో బాధపడ్డారు; చివరి ఏళ్లలో చూపు మందగించింది.

ఊళ్లలో కంటి పరీక్ష అంటే ఇప్పటికీ కళ్లజోడే. కళ్లజోడు రెటీనాను బాగుచేయదు. షుగర్ మాత్రలు ఇచ్చే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఒక కెమెరా పెట్టి, ఏడాదికోసారి రెటీనా ఫొటో తీసి, దూరంలో ఉన్న డాక్టరుకు పంపితే ఆ 18 రోజుల్లో చాలావరకు మిగులుతాయి.

మీలో థీసిస్‌కు అంశం వెతుక్కుంటున్నవాళ్లు ఉంటారు. సర్వేకు వెళ్లినప్పుడు మందుల బిల్లుతో సరిపెట్టకండి. తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలికి ఒక గడి పెట్టండి. కులానికి ఒక గడి పెట్టండి.