గుఢియారీ పెరటికి తగిన మొక్కలు



విజయనగరము నుండి రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ దారిని కోస్తా ఆంధ్రులు మూటలతోపాటు మొక్కలను గూడ తెచ్చుకొనుచుందురు. స్టేషనునకు చేరువనున్న గుఢియారీలో కాపురముండు తెలుగు గృహిణి సంక్రాంతికి గోదావరి తీరమునందలి పుట్టింటికి వెళ్లును. తిరిగి వచ్చునపుడు కడియము నర్సరీలో కొన్న కరివేప మొక్కను, కనకాంబరమును, తమలపాకు తీగను భద్రముగా తెచ్చి పెరటిలో నాటును. కొలది దినములలోనే ఆకులు రాలును. ఈ నేల మన మొక్కలకు పడదని ఆమె నిట్టూర్చును.

తప్పు నేలది కాదు, నాటిన కాలముది. సముద్రమునకు దూరముగా, ఇంచుమించు 300 మీటర్ల ఎత్తున నున్న రాయపూరులో డిసెంబరు, జనవరి రాత్రులందు ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. మబ్బులేని రాత్రి నేలలోని వేడిమి ఆకాశమునకు పోవును. బరువైన చల్లగాలి పల్లమున నిలుచును. అయినను, సర్గుజాలోని మైన్‌పాట్ పీఠభూమిపై వలె ఇచ్చట నేలమీద మంచు గడ్డకట్టదు. కావున ఈ చలి వేరూనిన మొక్కను నిద్రపుచ్చునే గాని సాధారణముగా చంపదు. వేరూనని లేతమొక్క మాత్రము ఆ నిద్రనుండి లేవజాలదు.

మొక్కలను ఎన్నుకొనుటలో మూడు తెగలను గుర్తింపవలెను. చేమంతి, బంతి, డాలియా శీతకాలముననే శోభించునవి. కరివేప, మల్లె నిదురించి వేసవికి మేల్కొనునవి. కనకాంబరము, తమలపాకు చలికి వడలునవి. ఈ మూడవ తెగను కుండీలలోనే పెంచుట మేలు. శీతకాలమున సూర్యుడు దక్షిణముగా సంచరించును గనుక కనకాంబరపు కుండీని ఇంటి దక్షిణపు గోడ చెంత నుంచవలెను. పగలు వేడెక్కిన గోడ రాత్రి ఆ వేడిమిని విడుచును. తమలపాకు కుండీని రాత్రులందు వసారాలోనికి చేర్చవలెను.

నేలలో నాటుటకు జూలై మాసము తగినది. చలి ముదురు లోపల వేరూనుటకు నాలుగైదు నెలల వ్యవధి లభించును. సంక్రాంతికే తెచ్చుట తప్పనిచో మొక్కను కుండీలోనే యుంచి, మే మాసమున 45 డిగ్రీలవరకు పోవు ఎండలో నీడనిచ్చి, వానలు పడిన పిమ్మట నేలకు మార్చవలెను. దీపావళి దాటిన తరువాత నత్రజని ఎరువు వేయరాదు. దానివలన పుట్టు లేతచిగుళ్లు చలికి మొదట మాడును. నీటిని సాయంకాలము గాక ఉదయమున పోయవలెను.

మూడేండ్లలో బదిలీపై పోవువానికి చెట్టెందుకని కొందరందురు. ప్రభుత్వపు క్వార్టరులో దిగిన ఉద్యోగికి పెరటిలో కరివేప కనబడినచో, అది పూర్వము అచ్చట కాపురమున్నవారు నాటినదే. జనవరిలో ఆకులు లేని కరివేపను ఎండినదని పెరికివేయరాదు. కొమ్మను గోటితో గీచి చూడవలెను. లోపల పచ్చదనమున్నచో నీరు తగ్గించి మార్చి వరకు ఓపిక పట్టవలెను. అది చిగిర్చిననాడు ఆ ఇంటి చారునకే గాక, తరువాత వచ్చువారి చారునకును వాసన దక్కును.