బడి పెద్దల యెదుట బిడ్డ పక్షము

(తార్నాకయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ప్రతి వత్సరమును ఈ సభలో మనము కన్నులపండువుగా జూచునది బహుమతి ప్రదానము. పదవ తరగతియందును ఇంటర్మీడియటునందును మంచి మార్కులు తెచ్చుకొన్న మన బాలబాలికలు వేదికపైకి వచ్చి పతకములు గైకొందురు. వారి ఛాయాచిత్రములు ఈ సంచికలో అచ్చుపడును. ఇది యుక్తమే. కాని నేడు మేము మాటలాడబూనినది ఈ వేదికపైకి ఎన్నడును రాని బిడ్డలను గూర్చి. అక్షరములు కుదురుకొననివారు, చెవి సరిగా వినబడనివారు, మాట తడబడువారు, బుద్ధి మెల్లగా వికసించువారు మన యిండ్లలో లేకపోలేదు. పెండ్లి సంబంధములకు చెరుపు కలుగునను భయముచే అట్టి బిడ్డను లోపలి గదిలో నుంచి, చుట్టములు వచ్చినప్పుడు “ఊరికి పోయినాడు” అని చెప్పు గృహములను మేమెరుగుదుము. ఆ బిడ్డను గూర్చి మాటలాడుటకు బడివారు తల్లిదండ్రులను పిలిచినప్పుడు ఎట్లు సిద్ధపడి పోవలెనో విన్నవించుటయే నేటి మా యుద్దేశము.

ఇందు మీకు గల యధికార మేమి యని యడుగవచ్చును. ముప్పదియైదేండ్లు బళ్లలో సంస్కృతాంధ్రములు బోధించితిమి. కాని ఈ విషయమున మా యధికారము పాండిత్యమువలన వచ్చినది కాదు, తప్పిదమువలన వచ్చినది.

మా దౌహిత్రుడు తార్నాకలో మా కుమార్తె యింట పెరుగుచు నాల్గవ తరగతి చదువుచుండెను. సాయంకాలములందు వానిని వెంటబెట్టుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి నడచిపోవుట మాకు వాడుక. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము నెదుట కూర్చుండి ఒక శ్లోకము రెండుమారులు చదివి వినిపించిన చాలును, వాడు అక్షర మేమరక అప్పగించెడివాడు. మేము పొంగిపోయెడివారము. తిరిగి వచ్చునప్పుడు తార్నాక కూడలిలో బస్సు నొసటనున్న ఊరి పేరు చదువుమనినచో ఆ బాలుని ముఖము వాడిపోయెడిది. ‘వ’కారమునకును ‘ప’కారమునకును వానికి భేదము నిలిచెడిది కాదు. వత్తు కనబడిన చోటనెల్ల ఆగిపోయెడివాడు. అశ్రద్ధ యని మేము కోపగించుకొంటిమి.

ఇట్లుండగా బడినుండి పిలుపు వచ్చినది. మా కుమార్తెతో మేమును పోతిమి. ఉత్తరీయము సవరించుకొని కూర్చుండి, మా వంశములో పండితులు ఎందరో, మేమెన్ని యేండ్లు ఉపాధ్యాయులమో, పూర్వము చదువు ఎట్లుండెడిదో అరగంటసేపు చెప్పితిమి. బడివారు బోధింపలేకయే బాలుని నిందించుచున్నారని వాదించితిమి. ప్రధానోపాధ్యాయిని ఓపికతో విని “చూతము” అన్నది. ఆ యొక్క మాటయే మేము సంపాదించుకొని వచ్చినది. మా కుమార్తె సంచిలో ఒక నోటుపుస్తక ముండినది. అది తెరచుటకు ఆమెకు మేము సందియ్యలేదు. ఇంటికి రాగానే బాలు డడిగెను: “తాతయ్యా, నా గురించి ఏం చెప్పావు?”

వానిని గూర్చి మే మొక్క మాటయు చెప్పియుండలేదు. చెప్పినదంతయు మమ్ము గూర్చియే.

ఆ రాత్రి మాకు మరియొక ముఖము జ్ఞప్తికి వచ్చినది. మేము పంతులుగా నున్న కాలమున ఒక పిల్లవాడు వాచకము చదువలేక నిలిచిపోగా, ‘మొద్దు’ అని పేరు పెట్టి బల్లపై నిలువబెట్టితిమి. కొలది దినములకు వాడు బడి మానెను. ఆ బాలునకును మా దౌహిత్రునకును భేదమేమి? ఒకడు పరుల బిడ్డ, ఒకడు మన బిడ్డ, అంతియే.

పంచతంత్రము ఎరుగని వారు మనలో నుండరు. అమరశక్తి యను రాజునకు ముగ్గురు కుమారులు చదువునకు విముఖులై యుండగా, విష్ణుశర్మ ఆరు మాసములలో వారిని నీతికోవిదులను జేసెను. ఆయన రాజకుమారులను మార్చలేదు, పాఠమును మార్చెను. శాస్త్రము కథయై చెవిసోకినంతనే వారు గ్రహించిరి. ఈ కథను ఎన్నిమారులు బోధించితిమో లెక్కలేదు. దాని యర్థము మాకు అరువది దాటిన పిదప తెలిసినది. మన పొరుగుననే యున్న విశ్వవిద్యాలయ చరిత్రమును చూడుడు. అది 1918లో ఉర్దూ మాధ్యమముగా నేర్పడినది. విదేశభాష యను అడ్డుగోడ తొలగిన ఉన్నతవిద్య సులభమగునని స్థాపకులు తలంచిరి. ఉర్దూ ఇంటిభాష యైనవారికి ఆ దారి సుగమ మాయెను. తెలుగు ఇంటిభాషగా గల మన పెద్దలు అదే తరగతిలో ఎంత శ్రమపడిరో వారి నోటనే వినియున్నాము. వారేమైన మందబుద్ధులా? కారు. దారి వారికి అనుకూలముగా లేదు, అంతియే.

ఇక రెండవమారు బడికి పోవుటకు మేము సిద్ధపడిన విధమును చెప్పెదము.

మొదటిది, పుస్తకము. పిలుపు వచ్చుటకు నెల దినములు ముందుగనే తల్లి యొక నోటుపుస్తకము వ్రాయవలెను. “వాడు చదువడు” అని వ్రాసిన ప్రయోజనము లేదు. ఏ పని, ఎంతసేపు, ఎచ్చట ఆగెను, ఏమి చేయగా మరల సాగెను అను నాలుగును వ్రాయవలెను. మా కుమార్తె పుస్తకములో ఒకనాటి వ్రాత యిది: “ఎక్కాలు ఇరవై నిమిషాలు తప్పు లేకుండా చెప్పాడు. తెలుగు వాచకం ఆరు పంక్తులకు పద్దెనిమిది నిమిషాలు పట్టింది. వత్తుల దగ్గర ఆగాడు. నేను చదివి వినిపిస్తే అన్ని ప్రశ్నలకూ నోటితో జవాబు చెప్పాడు.” మా యరగంట యుపన్యాసముకంటె ఈ నాలుగు పంక్తులు విలువగలవి.

రెండవది, పరీక్షలును కాగితములును. మొట్టమొదట కన్నును చెవిని పరీక్ష చేయింపవలెను. చూపు మందగించిన పిల్లవానికి సోమరి యని పేరు పెట్టిన పంతుళ్లు లేకపోలేదు. తరువాత బుద్ధిని, చదువును పరీక్షించు నిపుణుని చూడవలెను. సికింద్రాబాదు బోయినపల్లి చెంత మనోవికాస నగరములో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ గలదు. బుద్ధివికాసమున వెనుకబడిన వారికై అది పనిచేయుచున్నది. వినికిడి లోపము గలవారికై అలీ యావర్ జంగ్ పేరిటి జాతీయ సంస్థయొక్క ప్రాంతీయ కేంద్రమును అచ్చటనే యున్నది. సర్కారు బళ్లలో చదువు బిడ్డలకు సమగ్ర శిక్ష పథకము క్రింద భవిత కేంద్రములు గలవు. ఈ చోటులందు వ్రాసియిచ్చిన కాగితములను తేదీల వరుసను గ్రుచ్చి, నకళ్లు బడికి ఇచ్చి, అసలు కాగితములు ఇంట నుంచుకొనవలెను.

మూడవది, కోరికలు. పది కోరిన ఒకటియు దక్కదు, మూడు కోరవలెను. “మావానిపై కొంచెము శ్రద్ధ చూపుడు” అనుట కోరిక కాదు, ప్రాధేయము. ఎవరు, వారమునకు ఎన్నిమారులు, ఎంతసేపు, దేనిని బోధింతురు, ఫలితమును ఏ నెలలో ఎట్లు చూతురు అని నిర్ణయించునదే కోరిక. మేము కోరినవి మూడు. వారమునకు రెండు పీరియడ్లు ప్రత్యేక బోధకురాలు వత్తులను గుణింతములను వేరుగా నేర్పవలెను. పరీక్షలో ప్రశ్నలను ఒకరు చదివి వినిపించి, అదనపు సమయము ఇయ్యవలెను. మూడవ కోరిక మాది కాదు, బాలునిది.

ఏలయన, నాలుగవ పని బిడ్డనే యడుగుట. దీనిని అందరును మరతురు. “బడిలో నీకు ఏమి కావలెను?” అని మేమడుగగా వాడు చాలసేపు నేలచూపులు చూచి, “అందరి ముందూ నన్ను చదవమనొద్దని చెప్పు తాతయ్యా” అనెను. నెలలతరబడి కడుపునొప్పి యని బడి ఎగగొట్టుటకు కారణము అప్పటికి మాకు బోధపడెను. వాని మాటను వాని మాటగానే వ్రాసికొని పోతిమి.

అయిదవది, మాటలాడువారు ఎవ్వరనునది. ఇద్దరు పోవలెను, ఒకరు మాటలాడవలెను, ఒకరు వ్రాయవలెను. బిడ్డను దినదినమును చూచునది తల్లి గనుక తల్లియే మాటలాడవలెను. తాతలు, పెదనాన్నలు, పేరుగల బంధువులు వ్రాతపని పుచ్చుకొని ఊరకుండుట మేలు. ఇది మేము అనుభవించి చెప్పుచున్నాము. క్లాసు టీచరును ప్రత్యేక బోధకురాలును కూడ ఆ సభలో నుండునట్లు ముందుగా జాబు వ్రాసి కోరవలెను. “మీవాడు వెనుకబడియున్నాడు” అని వారన్నచో కోపగింపక, “ఏ పనిలో, ఎంత వెనుక?” అని యడుగవలెను. పంతులు శత్రువు కాడు. నలుబదిమంది బిడ్డలనడుమ వా డొక్కడు. మనము తెచ్చిన పుస్తకము ఆయనకును సాయమే.

ఆరవది, వ్రాత. నోటిమాట గాలిలో పోవును. సభ ముగియకముందే ఒప్పుకొన్న విషయములను చదివి వినిపించి, రెండు దినములలో జాబుగా వ్రాసి పంపి, మరల కలిసికొను తేదీని అందే నిర్ణయింపవలెను. అమెరికాలో నున్న మన యాడుబిడ్డలు దీని నెరుగుదురు. అచ్చట 1975లో చేసిన శాసనముచే ఇట్టి బిడ్డ యొక్కొక్కనికిని వేరుగా విద్యాప్రణాళిక వ్రాయవలెను. దానిని ఏటేట సమీక్షింపవలెను. ఆ సభలో తల్లిదండ్రులకు పీట గలదు. మన శాసనములో ఆ సభను గూర్చి అంత వివరముగా విధింపలేదు గనుక, ఆ పీటను మనమే అడిగి వేయించుకొనవలెను.

శాసనము లేదని మాత్రము అనుకొనవలదు. 2016లో పార్లమెంటు ఆమోదించి 2017 ఏప్రిలు 19 నుండి అమలునకు వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము గలదు. దాని 16వ విభాగము సర్కారు ధనము పొందు బళ్లకే గాక సర్కారు గుర్తింపు పొందిన బళ్లకును వర్తించును. బిడ్డను భేదభావము లేక చేర్చుకొనుట, అవసరమునకు తగిన సదుపాయము కల్పించుట, చదువులో గల ప్రత్యేక లోపములను త్వరగా కనిపెట్టి తగిన బోధన చేయుట వారి విధి. పరీక్షలో అదనపు సమయము, వ్రాతగాని సాయము, రెండవ మూడవ భాషల మినహాయింపు 17వ విభాగములో చెప్పబడినవి. నూటికి నలుబది పాళ్లు లేక అంతకు మించిన లోపము కలదని సర్టిఫికేటు పొందిన బిడ్డకు ఆరు మొదలు పదునెనిమిదవ యేటివరకు ఉచితవిద్య హక్కని 31వ విభాగము చెప్పుచున్నది. ప్రత్యేక బోధకులు ప్రాథమిక తరగతులలో పదిమంది బిడ్డలకు ఒకరును, పై తరగతులలో పదునేనుమందికి ఒకరును ఉండవలెనని సుప్రీముకోర్టు 2021 అక్టోబరులో నిర్దేశించినది. బడివారు వినకున్న రాష్ట్ర దివ్యాంగుల కమిషనరునకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఇవి యన్నియు సంచిలో నుండవలెను, పిడికిలిలో కాదు. మొదటి సభలోనే చట్టమును విసరినవాడు సర్టిఫికేటు గెలుచునేమో గాని, బిడ్డకు పంతులు మనస్సును పోగొట్టును.

రెండవ సభ ఎట్లు ముగిసినదని మీరడుగుదురు. మా కుమార్తె పుస్తకము చదివినది. మేము వ్రాసితిమి. వారమునకు రెండు పీరియడ్లు కోరగా ఒకటియే దొరకినది. ప్రశ్నలు చదివి వినిపించుటకు ఒప్పుకొనిరి. బాలుని మూడవ కోరికను క్లాసు టీచరు విని, కొంతసేపు మాటలాడక, “ఈ మాట వాడు నాతో ఎప్పుడూ చెప్పలేదు” అన్నది. మరునాటినుండి వానిని అందరియెదుట చదువుమనలేదు. కడుపునొప్పి ఆ నెలలోనే తగ్గినది. వాడిప్పటికిని మెల్లగనే చదువును. ఎప్పటికిని మెల్లగనే చదువునేమో. కాని బడికి పోవుచున్నాడు. మేము బల్లపై నిలువబెట్టిన ఆ పూర్వపు బాలునకు ఈపాటి చేసియుండినచో వాడును పోయియుండును.

పోషక మహాశయులారా! మన పెద్దలు పల్లెలనుండి పట్టణమునకు చదువవచ్చు పిల్లలకు అన్నవస్త్రములు సమకూర్చుట ధర్మమని తలంచి ఈ సంఘమును నిలిపిరి. ఆ ధర్మమునకు నేడు ఇంకొక శాఖ కావలసియున్నది. మా ప్రార్థనలు మూడు. విద్యానిధిలో కొంత భాగము ఇట్టి బిడ్డల పరీక్షల ఖర్చులకై ప్రత్యేకింపుడు. నెలకొక ఆదివారము సంఘ భవనములో ఒక గది తెరచి, ఉద్యోగవిరమణ చేసిన మావంటి ఉపాధ్యాయులను కూర్చుండబెట్టుడు. జాబు వ్రాయలేని తల్లికి జాబు వ్రాసి ఇత్తుము. తోడులేని తల్లికి తోడుగా బడికి పోయి, నోరు మూసికొని వ్రాతపని చేయుదుము. మూడవది పైకము కోరనిది. వచ్చే సంవత్సరము ఈ సభకు ఆ బిడ్డలను కూడ తీసికొని రండు. పతకము లేకపోయినను సరే, ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. చుట్టము లడిగిన “ఊరికి పోయినాడు” అనక, “వీడు మావాడు” అని పేరు చెప్పుడు. బడి పెద్దల యెదుట బిడ్డ పక్షమున నిలుచుటకు మొదటి సిద్ధపాటు ఇదియే. ఇంట దాచిన బిడ్డకై బడిలో ఎవడును వాదింపలేడు.