వృద్ధుల విషాదము – ఇంటివారి ధర్మము



మధ్యాహ్న సంధ్యలో సూర్యోపస్థానము చేయునపుడు మనము నూరు శరత్తులు జీవింపవలెనని కోరుచున్నాము. ఆ ప్రార్థన అంతటితో ఆగదు. నూరేండ్లు చూడవలెను, వినవలెను, మాటాడవలెను, ఆనందింపవలెను అనియు అడుగుచున్నది. ఊపిరి నిలిచియుండుట మాత్రమే వేదము కోరిన ఆయుస్సు కాదు. మరి చూపు మందగించి, వినికిడి తగ్గి, పలుకరించువారు లేని వృద్ధునకు ఆ ప్రార్థనలో ఏమి మిగిలినది? నేడు ఈ విషయమునే విచారింతము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల పల్లెలను చూడుడు. కుప్పములో రైలెక్కి బెంగుళూరు పనులకు పోవువారు ఎందరో. మదనపల్లె వైపున టమోటా ధర పడిపోయిన యేడు ఇంటింట అప్పు మాటయే. ఇంటిపట్టున మిగిలినవారు అవ్వయు తాతయు. వారిలో ఒకరు గతించిన పిమ్మట రెండవవారు పగలెల్ల అరుగుపై ఒంటరిగా కూర్చుందురు. "మీకు బరువైపోతిని. ఆ సామి ఎప్పుడు తీసకపోతాడో" అందురు. మనము దానిని వైరాగ్యమని తలతుము.

వైరాగ్యము వేరు, విషాదము వేరు. విరక్తుడు పెట్టినది తినును, నిద్రించును, మనుమలతో నవ్వును. విషాదగ్రస్తుడు అన్నము విడుచును. వేకువకు ముందే మేలుకొని మరల నిద్రింపడు. ఒంటినొప్పులని చెప్పును. పూజయందును ఆసక్తి కోల్పోవును. తన వస్తువులను పంచిపెట్టి వీడ్కోలు మాటలు పలుకును. పుంగనూరు ఆవు ఒక్కపూట నెమరు వేయకున్న ఇంటిల్లిపాదియు కలవరపడుదురు. తాత రెండుపూటలు తినకున్న 'వయసు కదా' అని ఊరకుందురు. ఇట్టి విషాదము వయసుతో వచ్చు సహజగుణము కాదు. అది వ్యాధి. చికిత్సకు, ఆదరణకు లొంగును.

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండలో సంపాతి వృత్తాంతమును స్మరింపుడు. రెక్కలు కాలి వింధ్యపర్వతముపై పడిన ఆ పక్షిరాజు ప్రాణములు విడువ దలచెను. నిశాకర మహాముని అతనిని నిందింపలేదు. ఏమి జరిగినదని అడిగి, చెప్పినదంతయు వినెను. రామకార్యమున నీతో పని యున్నది, అంతవరకు వేచియుండుమని బోధించెను. కుమారుడగు సుపార్శ్వుడు ఆహారము తెచ్చి పోషించెను. పిమ్మట, సీతమ్మ జాడ తెలియక ప్రాయోపవేశమునకు కూర్చున్న వానరులకు లంకను చెప్పినది ఆ సంపాతియే. బలవంతులగు వానరులకు దారి చూపినవాడు ఎగురలేని వృద్ధుడు! వినుట, పని చూపుట, పోషించుట – ఈ మూడే అతనిని నిలిపినవి.

మన యిండ్లలో చేయవలసినదియు ఇదియే. మొదట అడుగుడు. "అవ్వా, బతుకు వద్దనిపిస్తా ఉందా?" అని ప్రక్కన కూర్చుండి నెమ్మదిగా అడుగుడు. అడిగినంతమాత్రమున లేని తలపు పుట్టదు. లోని బరువు కొంత దిగును. పాపమని గద్దింపకుడు. గద్దించినచో మరల నోరు విప్పరు.

అవునని చెప్పినచో వారిని ఒంటరిగా విడువకుడు. పొలము మందులను, ఇంటిలోని మాత్రలను తాళము వేసి వేరొకరి అధీనమున నుంచుడు. గడ్డు గడియ దాటినచో మనసు మరలుట కలదు. ఆలస్యము చేయక వైద్యునికి చూపుడు. 2022 అక్టోబరు నుండి నడచుచున్న టెలిమానస్ వారి 14416 నంబరునకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగుననే మాటాడుదురు. వృద్ధుల ఇతర కష్టములకు 14567 నంబరు కలదు. కేసగునని వెరచి దాచవలదు. అట్టి యత్నము చేసినవారు తీవ్రమైన మనోవేదనలో నున్నవారని భావించి, శిక్షింపక ఆదరింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. తల్లిదండ్రుల పోషణ బిడ్డల బాధ్యతయని 2007 నాటి చట్టమును కలదు. శీక్షావల్లి ఏనాడో చెప్పిన ధర్మమునకు నేడు చట్టము కావలసివచ్చినది.

కంటిపొర తీయించుట, వినికిడి యంత్రము ఇప్పించుట కూడ ఆ నూరేండ్ల ప్రార్థనను నెరవేర్చుటయే. దూరముననున్న బిడ్డలు దినమున కొకమారు ఫోనులో పలుకరింపవలెను. విత్తనములు ఏరుట, తులసికి నీరు పోయుట, మనుమలకు కథ చెప్పుట – ఓపికకు తగిన పని ఒకటి వారి చేతికి ఈయవలెను. భజనకు నిత్యము వచ్చు పెద్దవారు రెండు దినములు కానరానిచో, ప్రసాదముతో వారి యింటికి పోవుడు. అదియు దైవసేవయే.

పెద్దలారా! మీతోను ఒక మాట. మీరు బరువు కారు. అర్జునుడు తన విషాదమును దాచుకొనలేదు, శ్రీకృష్ణునితో చెప్పుకొనెను. చెప్పుకొనినందుననే గీతోపదేశము లభించెను. మీ మనసులోనిది బిడ్డతోనో, ఇరుగుపొరుగువారితోనో, వైద్యునితోనో నేడే చెప్పుకొనుడు. మీతో పని యున్నది.

మీ అందరికిని శ్రీస్వామివారు పూర్ణాయుస్సును, అందు ఆనందమును అనుగ్రహించుగాక యని ప్రార్థించుచున్నాము.

స్వస్తి.