ఫోన్ గడప దాటని ఫొటోలు

ఉపకులపతి గారికి, ఆచార్యులకు, ఈరోజు పట్టా అందుకున్న మీకు, వెనక వరుసల్లో ఫోన్లెత్తి ఫొటోలు తీస్తున్న అమ్మానాన్నలకు నమస్కారం.

ఆ ఫొటోల గురించే మాట్లాడతాను. ఇంకాసేపట్లో వాటిలో చాలావరకు ఎవరి సర్వర్‌కో చేరతాయి. అమెరికాలో ఎవర్ అనే యాప్ ఉండేది. దాచిపెడతానని ఫొటోలు తీసుకుని, వాటితో ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కు శిక్షణ ఇచ్చుకుంది. 2021లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ఫొటోలతో తయారైన మోడళ్లనూ తుడిచేయమని ఆదేశించింది. మంచిదే. కానీ చూడనని మాటిచ్చే యాప్ కంటే, చూద్దామన్నా కుదరని యాప్ కట్టడం మన చేతిలో పని.

ఫొటో ఫోన్ దాటకుండానే, మాట టైప్ చేస్తే కావలసిన ఫొటోను వెతికిపెట్టే యాప్ కుదురుతుందా? లెక్క వేయండి. క్లిప్ లాంటి మోడల్ ఫొటోనూ మాటనూ పక్కపక్కన పోల్చగలిగేలా సంఖ్యల వరుసగా మారుస్తుంది. ఫొటోకు 512 సంఖ్యలు, ఒక్కోదానికి 4 బైట్లు. 20,000 ఫొటోలకు 40 మెగాబైట్లు చాలు. మోడల్ పారామీటర్లను 32 బిట్ల నుంచి 8 బిట్లకు కుదిస్తే సైజు నాలుగో వంతుకు దిగుతుంది. ఫోన్ వేడెక్కకుండా, రాత్రి ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ఫొటోలను సంఖ్యలుగా మార్చే పని చేయించుకోవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. మొదటి క్లిప్ ఇంగ్లిష్ మాటల మీద పెరిగింది. మీ అమ్మగారు తెలుగులో టైప్ చేస్తే తెల్లమొహం వేస్తుంది. ఆ మాటను సర్వర్‌కు పంపి అనువదిద్దామన్న ఆలోచన వెంటనే వస్తుంది, తేలిక కూడా. కానీ ఆమె వెతికింది 'స్కానింగ్ రిపోర్టు' అయితే? ఫొటోను భద్రంగా ఉంచి, దేనికోసం వెతుకుతోందో బయటపెట్టినట్టే కదా.

ఇంకో ఇబ్బంది. సర్వర్ లేకపోతే మన తప్పులూ మనకు కనబడవు. ముఖాలను బట్టి ఫొటోలు సర్దేటప్పుడు యాప్ కవల అక్కచెల్లెళ్లను ఒక్కరిగా కలిపేసినా, వాడే మనిషి చెబితే తప్ప తెలియదు. చెప్పినా, ఆ ఫొటో పంపమని అడగకూడదు. అలాంటివి మన ఇళ్ల ఫొటోలతో, మనవాళ్ల అనుమతితో పరీక్షించుకోవాలి. అందుకు ఓపిక కావాలి, మేనేజర్లకు అది తక్కువ.

తెలుగు తెలిసిన మోడళ్లు లేకపోలేదు. వాటిని మామూలు ఫోన్‌లో ఇమిడేంత చిన్నవి చేయాలి. ఓణీల ఫంక్షన్‌కూ సీమంతానికీ తేడా నేర్పాలి. ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. అందరికీ అభినందనలు.