గోదావరి దాటి ఒక పూట భోజనానికి
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా యాత్రా విశేషం చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కాశీ, బదరీ చూసి వచ్చినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయేది మన కాకినాడ పక్కనే ఉన్న కోనసీమ సంగతి. పోయిన మాఘమాసంలో నేనూ మా శ్రీమతీ రెండు రోజులు అక్కడికి వెళ్ళి, నిజం చెప్పాలంటే, తిని వచ్చాం.

కోనసీమను దీవి అంటే కొందరు నవ్వుతారు. పటం తీసి చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. ఎటునుంచి వెళ్ళినా నీరు దాటకుండా అక్కడ అడుగు పెట్టలేం.

రావులపాలెం వంతెన మీదుగా బస్సులో సుఖంగా పోవచ్చు. మా ఆవిడ మాత్రం కోటిపల్లి రేవు దాటాలని పట్టుబట్టింది. ఆమె పుట్టిల్లు అంబాజీపేట దగ్గర. ఆ రేవు దాటే కాపురానికి వచ్చింది. దారిలో ద్రాక్షారామం భీమేశ్వరస్వామిని దర్శించుకొని, కోటిపల్లిలో పంటు ఎక్కాం. మోటారు సైకిళ్ళు, అరటి గెలలు, బడి పిల్లలు, మేము. అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. మాఘంలో గౌతమి నెమ్మదిగా ఉంటుంది. వరదల్లో పంటు ఆపేస్తారు. పులస వచ్చేదీ ఆ రోజుల్లోనే కనుక, దానికోసం వెళ్ళేవారు వంతెన దారి చూసుకోవలసిందే.

పొట్టిక్కలు తినాలనుంది అన్నది మా ఆవిడ చెప్పిన కారణం. అసలు కారణం వేరే ఉంది. అది ఈ సభలో చెప్పవచ్చునా అని చాలా ఆలోచించాను. చెబుతాను.

1973లో నాతోపాటు ఒకే ఆఫీసులో చేరిన మిత్రుడొకడున్నాడు. పేరెందుకు, మనలాంటి గుమాస్తాయే. సొంతవూరు ముక్తేశ్వరం అవతల. సోమవారం ఇంటినుంచి వస్తూ క్యారియర్ నిండా పొట్టిక్కలు తెచ్చేవాడు. పదిహేనేళ్ళు ఇద్దరం ఒకే క్యారియర్ తిన్నాం.

1988లో సీనియారిటీ జాబితా వచ్చింది. అతని పేరు నా పేరు కంటే పైన ఉంది. శాఖా పరీక్ష నా తరువాత ప్యాసయ్యాడని నేను అభ్యంతరం పెట్టాను. అందులో అబద్ధం లేదు. కానీ అంతకుముందే అతను పరీక్షకు వెళ్ళబోతే, ఎన్నికల పని ఉందని ఆఫీసు ఆపింది. ఆపాలన్న నోటు రాసింది నేనే. ఆ సంగతి నా అభ్యంతరంలో రాయలేదు. పదోన్నతి నాకు ముందు వచ్చింది, అతనికి నాలుగేళ్ళ తరువాత. ఆ తేడా ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒకటో తారీఖున అతని పింఛనులో ఇప్పటికీ కనబడుతుంది. ఆనాటినుంచి మా మధ్య క్యారియర్ తెరుచుకోలేదు.

అతనికి గుండె ఆపరేషన్ అయిందని కిందటేడు తెలిసింది. "ఇంకెప్పుడు వెళతారు?" అంది మా ఆవిడ.

ఫోను చేస్తే, "రండి, పొద్దున్నే రండి" అన్నాడు. అంతే. మేము వెళ్ళేసరికి అతని భార్య వసారాలో కూర్చొని పనసాకులు కుడుతున్నారు. నాలుగు ఆకులు కలిపి, ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలాగ చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే పనసాకు వాసన పళ్ళెంలో పోసిన ఇడ్లీకి ఎన్నటికీ రాదు. పక్కన కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి. "వదినగారూ, మా అమ్మ చేతి వాసన" అంటూ మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

నేను మొదటి బుట్ట విప్పకుండానే, ఆ నోటు సంగతి చెప్పేశాను. అతను కాసేపు మాట్లాడలేదు.

"నోటు నువ్వే రాశావని నాకు తెలుసు. దస్తూరీ తెలియదా? బాధపడలేదంటే అబద్ధం. పెద్దదాని పెళ్ళి ఆ రోజుల్లోనే చేశాను" అన్నాడు. తరువాత, "ముందు తిను. చల్లారిపోతున్నాయి" అన్నాడు.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మధ్యాహ్నం ఆవపెట్టిన పనసపొట్టు కూర, కందా బచ్చలి వడ్డించారు. రాత్రి అక్కడే పడుకోమని అతనే అన్నాడు. పడుకున్నాం.

మర్నాడు ఆత్రేయపురం మీదుగా తిరిగి వచ్చాం. అక్కడ బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి లాగుతారు. కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. దానికి నెయ్యి రాసి, పంచదారో బెల్లమో వేసి మడిస్తే పూతరేకు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాకు చక్కెర వ్యాధి కనుక మా ఆవిడ ఒక్కటే మంజూరు చేసింది. రెండోదానికి అప్పీలు తోసివేయబడింది.

మిత్రులారా, బతికే ఉన్నామని ఏటా ట్రెజరీకి ధృవపత్రం ఇస్తాం. మన వయసులో ఆ పత్రం వచ్చే ఏడు ఎవరు ఇస్తారో, ఎవరు ఇవ్వరో తెలియదు. మీలో ఎవరికైనా ఇటువంటి పెండింగు కాగితం ఉంటే, ఏదో తినాలనే వంక పెట్టుకొనైనా వెళ్ళి రండి. మోకాళ్ళ నొప్పులున్నవారు పంటు ఎక్కేటప్పుడు ఎవరినైనా చెయ్యి ఆసరా అడగండి. అడిగితే ఇస్తారు.

వచ్చే నెల ఆ మిత్రుడు దంపతులుగా మా ఇంటికి వస్తామన్నాడు. పొట్టిక్కలు తెస్తానన్నాడు. క్యారియర్ మాత్రం నన్ను తోమి ఉంచమన్నాడు.