పాత గోడలు - మన బాధ్యత
(హైదరాబాదులో మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నగర వారసత్వ సంపద గురించి మాట్లాడమన్నారు. చార్మినారు గురించి నేను చెప్పనక్కరలేదు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

1986లో ఒక పాత కచేరీ భవనం మరమ్మతు నాకు అప్పగించారు. డంగుసున్నంతో కట్టిన గోడలు, అడుగున చెమ్మ. సున్నపు పూత గీకించి సిమెంటు ప్లాస్టరింగు చేయించాను. ముసలి మేస్త్రీ ఒకాయన, "సారూ, సున్నపు గోడకు సిమెంటు పడదు" అన్నాడు. నేను వినలేదు. బిల్లు పాసయింది. నాలుగో వానాకాలానికి గోడ ఉబ్బింది, పెళ్ళలు ఊడాయి. సున్నపు గోడ తాగిన తడిని తనే బయటకు వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది, తడి లోపలే ఉండి రాతి అతుకులను తినేస్తుంది. కాలేజీలో ఇది మాకు చెప్పలేదు, లేదా నేను ఆ రోజు వెళ్ళలేదు!

పాత భవనాలను కూల్చేది గునపం ఒక్కటే కాదు. మూసుకుపోయిన వాననీటి గొట్టం, పిట్టగోడలో మొలిచిన రావిమొక్క చాలు. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మానియా ఆస్పత్రి చూడండి. 2020 జులైలో వార్డుల్లోకి నీళ్ళు రావడంతో పాత భవనాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. రోగులకు కొత్త భవనం కావలసిందే, నేను కాదనను. పాతదాన్ని వానకు వదిలేయకూడదనే నా బాధ.

బాగుచేయలేమా అంటే, 1935 నాటి మొజంజాహి మార్కెట్ ఉంది. రేకుల పందిళ్ళు, బోర్డులు, తీగలు తీసేసి, పైకప్పు బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. వ్యాపారం సాగుతూనే ఉంది. ఇర్రం మంజిల్ స్థలంలో కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. కోర్టుకు వెళ్ళినవాళ్ళు మామూలు పౌరులే.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. మనం పనిచేసిన భవనాలకు ఎవరిస్తారు? ఏ గొట్టం ఎక్కడ దిగిందో, ఏ గది ఎప్పుడు కలిపారో మనకు తెలుసు. మీ బీరువాల్లో పాత ఆఫీసు గ్రూపు ఫోటోలుంటే, వెనుక భవనం పేరు, సంవత్సరం రాసి సంఘ కార్యాలయంలో ఇవ్వండి. ఉబ్బిన నా గోడ ఫోటోను ఇవాళే కార్యదర్శిగారికి అందజేస్తున్నాను.